గాడిద వెనక కాళ్లకు మేనమామ సీరు

నా చిన్నప్పుడు నేను ఒకే ఒక్కసారి నాటకంలో వేషం వేశాను. గాడిద వేషం. పూర్తి గాడిద కూడా కాదు, వెనక సగం. ఆ తర్వాత కాలేజీ చదువు చదివాను, బట్టల మిల్లులో ఆఫీసరుగా పనిచేశాను, రకరకాల సభల్లో మెడలో దండతో, నిద్ర ఆపుకుంటూ వేదికల మీద కూర్చున్నాను. అయినా నా కళాజీవితం గురించి ఎవరైనా అడిగితే చెప్పుకోదగ్గవి ఆ వెనక కాళ్లే.

అన్నూరు పక్కన మా ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బళ్లో ఇంగ్లీషు. మూడింటిలోనూ ఏ పక్షపాతం లేకుండా తప్పులు మాట్లాడేవాణ్ణి. మా పెద్దలు ఏ కాలంలోనో తెలుగు దేశం నుంచి ఇక్కడికి వచ్చారని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఎందుకు వచ్చారో, ఎవరితో మాటామాటా వచ్చి బయలుదేరారో మాత్రం చెప్పేవాళ్లు కాదు. మా బంధువుల్లో గొడవలు ఎలా పుడతాయో చూసినవాణ్ణి కాబట్టి నాకు కొంత ఊహ ఉంది.

కోయంబత్తూరు పోయే బస్సు దారిలో కన్యాస్త్రీలు నడిపే బడి ఒకటి ఉండేది. ఇంగ్లీషూ క్రమశిక్షణా అక్కడ జంటగా వస్తాయని మా నాన్న నమ్మకం. నాకు రెంటిలో ఒకటి వచ్చింది. కానీ ఆయన ఊహించని మూడోది కూడా ఆ బళ్లో ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం డ్రామా పీరియడ్.

ఆ పాఠం చెప్పే సిస్టర్ కేరళ నుంచి వచ్చిన మనిషి. తెల్లటి అంగీ కింద కాన్వాస్ బూట్లు వేసుకునేది, మెడలో సిలువ పక్కనే ఒక విజిల్ వేలాడేది. మాతో తమిళంలోనే మాట్లాడేది. ఆమె లోపలికి రాగానే మేం బెంచీలన్నీ గోడవైపు జరిపేవాళ్లం. ఆ చప్పుడు వింటేనే నాకు ఒళ్లు పులకరించేది. బెంచీలు లేని క్లాసు ఎంత పెద్దదో ఆ రోజు తప్ప తెలిసేది కాదు.

మొదట్లో ఆమె మాకు మాటలేవీ ఇవ్వలేదు. ఊరికే నిలబడమంది. నిలబడటానికి కూడా ఒక పీరియడ్ పెట్టారని తెలిసి మా నాన్న బడి మార్పించే ఆలోచనలో పడ్డాడు. తర్వాత నడక నేర్పింది. నిండు బిందెతో నడవండి. బస్సు వస్తోందని నడవండి. బస్సు వెళ్లిపోయిందని నడవండి. ఆ చివరిది మా అందరికీ బాగా వచ్చు. ఆ తర్వాత గొంతు. వెనక గోడకు ఆనుకున్నవాడికి వినపడాలి, కానీ అరవకూడదు అనేది. అలాంటి తేడా ఒకటి ఉంటుందని మా ఇంట్లో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఎవరైనా తప్పు చేస్తే తప్పు అని ఆమె ఏనాడూ అనలేదు. ‘మళ్లీ’ అనేది, అంతే. కోపం లేకుండా, మొదటిసారి అడుగుతున్నట్టు అనేది.

డిసెంబరులో క్రిస్మస్ నాటకం. బాలయేసును చూడటానికి వచ్చే ముగ్గురు రాజుల వేషాల కోసం తరగతిలో చిన్నపాటి యుద్ధం జరిగింది. నేను కూడా రాజునే కావాలనుకున్నాను. నాకు ఎత్తు ఉంది, గొంతు ఉంది, ఇంట్లో జరీ అంచు తువాలు ఉంది. సిస్టర్ మమ్మల్ని కళ్లు మూసుకుని, ముందున్నవాడి నడుం మీద చేతులు వేసి, గదంతా నడవమంది. అందరూ ఒకరినొకరు తొక్కుకున్నారు. నేను తొక్కలేదు. సంతలో నాన్న పంచె కొంగు పట్టుకుని జనంలో నడిచి నడిచి, ముందున్న మనిషి ఎప్పుడు ఆగబోతున్నాడో చేతులకే తెలిసిపోయేది. సిస్టర్ ముఖం వెలిగింది. ‘దొరికింది’ అంది. రాజు దొరికాడని నేను పొంగిపోయాను. దొరికింది గాడిద.

ముందు కాళ్లు టౌనులో ఫ్యాన్సీ స్టోర్ నడిపే వ్యాపారి కొడుకువి. వాళ్లదీ తెలుగు ఇల్లే కానీ వాళ్ల తెలుగు వేరు. వాడు మాట్లాడేది తెలుగు కాదని నేనూ, నేను మాట్లాడేది తెలుగు కాదని వాడూ అనుకునేవాళ్లం. వాడు ఆ వేషాన్ని జీవితాశయంగా తీసుకున్నాడు. సాయంత్రాలు రజకుల వీధిలో నిలబడి గాడిదల చెవులు ఎటు తిరుగుతాయో చూసి వచ్చేవాడు. నాకు చెవులు లేవు. నాకున్నది కొబ్బరి పీచు తోక, బూడిదరంగు కంబళి, ఆ కంబళికి పక్కన పురుగు కొట్టిన ఒక కంత. లోకం మొత్తం ఆ కంతలోంచి చూడాలి. మిగతా సమయమంతా ముందు కాళ్లవాడి వీపు.

‘నువ్వు కనపడవు. అయినా నువ్వు కదిలితేనే అది గాడిద, లేకపోతే దుప్పటి’ అని సిస్టర్ నాకు చెప్పింది. ఆ మాటకు నేను రాజు వేషాన్ని దాదాపు మరిచిపోయాను.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను.

“ఏమి వేషంరా కన్నూ?” అంది.

“గాడిద.”

“మాట్లాడతాదా అది?”

“లేదు. నేను వెనక కాళ్లు.”

“మేడె ఎక్కుతావు కదా?” మేడె అంటే వేదిక. మా ఇళ్లలో ఆ మాటే వాడతారు.

“ఎక్కుతా.”

“చాలులే” అంది అమ్మ. అని, పొయ్యి దగ్గర కూర్చుని, ఉడుకుతున్న పప్పును మరిచిపోయి ఏదో ఆలోచనలో పడింది.

ఆ ఆలోచన ఏమిటో చెప్పాలంటే మా మామ గురించి చెప్పాలి. అమ్మకు ఒకే అన్న. పొల్లాచ్చి దగ్గర కొబ్బరి తోటలు. నేను పుట్టిన కొత్తలో ఒక బంధువుల పెళ్లిలో భోజనాల పెత్తనం మా నాన్నది. మా మామ పంక్తిలో కూర్చోబోతుంటే మా నాన్న, ‘మొదటి పంక్తి నిండింది, కొంచం ఉండండి’ అన్నాడు. మామ, ‘ఉండను’ అన్నాడు. అంతే. లారీ ఎక్కి పొల్లాచ్చి పోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంటివాళ్లు ఈ ఇంటికి రాలేదు, ఈ ఇంటివాళ్లు ఆ ఇంటికి పోలేదు. దేశాల మధ్య యుద్ధాలు ఇంతకన్నా చిన్న కారణాలకు జరిగాయేమో నాకు తెలియదు, చరిత్రలో నాకు మార్కులు తక్కువ.

మా వైపు మేనమామ లేకుండా పిల్లవాడికి ఏ ముచ్చటా జరగదు. చెవులు కుట్టేది మామ ఒడిలో. ఆ రోజు మామ మేళతాళాలతో, పళ్లాలలో పండ్లు, పూలు, కొత్త బట్టలు పెట్టించుకుని ఊరేగింపుగా వస్తాడు. దాన్ని సీరు అంటారు. సీరు వచ్చే ఆడపడుచుకు పుట్టింట్లో ఇంకా చోటు ఉన్నట్టు. నా చెవులు కుట్టిన రోజు పొల్లాచ్చి నుంచి ఎవరూ రాలేదు. వరసకు మామ అయ్యే ఇంకెవరి ఒడిలోనో కూర్చోబెట్టి ఆ పని కానిచ్చారు. అమ్మ రోజంతా కళ్లు తుడుచుకుని, పొగ అంది. ఆ రోజు వంట ఆరుబయట చేశారు.

అప్పట్నుంచి అమ్మ పుట్టిల్లు అనే మాట ఎత్తలేదు. మా నాన్న ముందసలే ఎత్తలేదు. అలాంటి అమ్మ ఆ వారం, పొల్లాచ్చి సంతకు పోయే కొబ్బరి వ్యాపారిని వాకిట్లో ఆపి మాట చెప్పి పంపింది. “మా అన్నను చూస్తే చెప్పండి, పిల్లోడు మొదటితూరి మేడె ఎక్కుతా ఉండాడని.” రమ్మని అనలేదు. పిలవలేని చోట మా వాళ్లు సమాచారం చెప్పి ఊరుకుంటారు. గాడిద సంగతి కూడా చెప్పలేదు. ఆయన అడగలేదు కదా అని తర్వాత అంది.

జవాబు రాలేదు. వ్యాపారి తిరిగి వచ్చి, “చెప్పినా తాయీ, విన్నారు” అన్నాడు. ఎలా విన్నారని అమ్మ అడిగింది. “చెవులతో” అన్నాడు ఆయన.

నాటకం సాయంకాలం. బడి ఆవరణలో కొబ్బరాకుల పందిరి, రంగు కాగితాల నక్షత్రాలు, కొత్తగా బిగించిన ట్యూబు లైట్లు. చీకటి పడకముందే కుర్చీలు నిండిపోయి, జనం గోడ వెంట నిలబడ్డారు. తెర వెనక మా పరిస్థితి చెప్పనలవి కాదు. దేవదూత రెక్క ఊడింది. ఒక గొర్రె ఏడుస్తోంది. మరియమ్మ వేషం వేసిన అమ్మాయి బాలయేసు బొమ్మను ఎక్కడ పెట్టానో మరిచిపోయి బెంచీల కింద వెతుకుతోంది. సిస్టర్ మాత్రం పండగ రోజు వంటింట్లో మా అవ్వలా, అటూ ఇటూ తిరుగుతూ ప్రతి ఒక్కరి నెత్తి మీదా ఒక్కసారి చెయ్యి వేసి పోతోంది. నా దగ్గరికి వచ్చి, ‘ఏం జరిగినా కంబళిలోంచి బయటికి రాకు. పడిపోతే, గాడిద కూర్చుంది అనుకుంటారు’ అని ధైర్యం చెప్పింది. నా గుండె చప్పుడు ముందు కాళ్లవాడికి వీపులో వినపడుతోందని వాడు ఫిర్యాదు చేశాడు.

తెర ముందు గొర్రెల కాపరుల ఘట్టం మొదలైంది. దాని వెనక పశువుల పాక సిద్ధం చేస్తున్నారు. మా గాడిద వేదిక పక్కన, బడి గేటుకు దగ్గరగా, కంబళి మెడదాకా ఎత్తుకుని గాలి పీల్చుకుంటోంది. సరిగ్గా దేవదూత నోరు తెరిచి, ‘భయపడకండి’ అన్నప్పుడు గేటు బయట నాదస్వరం మోగింది. దాని వెంట డోలు. కాపరులు నిజంగానే భయపడ్డారు.

“ఎవురో కల్యాణం పార్టీ దారి తప్పి వచ్చిండారు” అన్నాడు ముందు కాళ్లవాడు.

నేను చూశాను. గేటు అవతల కొబ్బరికాయల లారీ. దాని మీదినుంచి పట్టుచీరల ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగుతున్నారు. చేతుల్లో పళ్లాలు. అరటిపండ్లు, కొబ్బరికాయలు, బెల్లం అచ్చులు, మల్లెపూల చెండ్లు, మడత విప్పని కొత్త బట్టలు. అందరికన్నా ముందు ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, నా నడుమంత లావు రోజాపూల దండతో ఒక పెద్దమనిషి. నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. కానీ ఆ ముక్కును రోజూ చూస్తున్నాను, అమ్మ ముఖంలో.

మామ చెవికుట్టుకు రాలేకపోయాడు. ఇప్పుడు రావడానికి ఆయనకొక ముచ్చట కావాలి, మళ్లీ మాట పడకుండా వచ్చే దారి కావాలి. మేనల్లుడు మేడె ఎక్కడం కన్నా మంచి సందర్భం దొరకలేదు. అందుకని సీరు కట్టించుకుని, మేళంతో, క్రిస్మస్ నాటకానికి వచ్చేశాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. బడికి పెద్దయిన మదర్ కూడా గబగబా వెళ్లింది. ఆమె తప్పేమీ లేదు. వేదిక మీద దేవదూత ఉంది, గేట్లో నాదస్వరం ఉంది, రెంటిలో ఒకదాన్ని ఆపాలి. ఆమె చాలా మర్యాదగా చేతులు జోడించి తమిళంలో చెప్పింది, ‘ప్రోగ్రాం అయ్యేదాకా కొంచం ఉండండి’.

లోకంలో ఇన్ని మాటలుండగా ఆమెకు ఆ మాటే దొరికింది.

మామ ముఖంలో రంగు మారడం ట్యూబు లైటు వెలుగులో స్పష్టంగా కనపడింది. ఆయన ఎవరితోనూ వాదించలేదు. వెనక్కి తిరిగి, “సరి. ఈడ కూడా ఉండమంటాండారు. లారీ తిప్పురా” అన్నాడు డ్రైవరుతో. అత్త, “ఏమండీ, అంత దూరం వస్తిమి కదా” అంటే, “వచ్చింది చాలు. ఎక్కండి” అన్నాడు.

జనంలోకి చూశాను. అమ్మ లేచి నిలబడి ఉంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన మా నాన్న కుర్చీలో కదలకుండా కూర్చుని దేవదూత మాటలు వింటున్నాడు. దైవ సందేశాల మీద ఆయనకు అంత శ్రద్ధ నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆ లారీ తిరిగిపోతే మళ్లీ రాదని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. కంబళితో సహా సిస్టర్ దగ్గరికి పరిగెత్తాను. ముందు కాళ్లవాడు వేరే దారి లేక నాతో వచ్చాడు.

“సిస్టర్, మా మామ. ఇప్పుడు పోతే ఇంక రారు. మా అమ్మకు...”

అంతకన్నా చెప్పలేకపోయాను. ఆమె ఒకసారి నన్ను చూసింది, ఒకసారి జనంలో నిలబడిన అమ్మను చూసింది. అమ్మను ఆమె ఎరగదు. అయినా ఎలా గుర్తుపట్టిందో, బహుశా ఆ ముక్కు. విజిల్ గుండెల మీద ఎగురుతుండగా గేటుకు పరిగెత్తింది. మా గాడిద వెనకాలే.

ఆమె మామను ఎందుకు వచ్చారని అడగలేదు. క్షమించమని అడగలేదు, సర్దిచెప్పలేదు. పళ్లాలవైపు చూసి, “ఇదంతా ఎలా తీసుకెళ్తారండీ? ముందు ఎవరు నడుస్తారు?” అంది.

పోట్లాటకు సిద్ధమైన మనిషికి ఆ ప్రశ్న అడ్డం తగిలింది. తర్వాత, వద్దనుకుంటూనే, వివరం చెప్పడం మొదలుపెట్టాడు. ముందు మేళం. దాని వెనక మేనమామ. ఆ వెనక ఆడవాళ్లు, పూల పళ్లెం మొదట. “వాకిట్లో నా చెల్లెలు, ఆమె మొగుడు ఎదురు రావాలమ్మా. ఎదురు రాకుండా సీరు లోపలికి పోదు.”

“వాకిలి అదిగో” అని సిస్టర్ వేదిక చూపించింది. “నేను విజిల్ ఊదగానే మేళం మొదలుపెట్టించండి. తొందరగా నడవొద్దు. నిండు బిందె మోస్తున్నట్టు రండి.” తర్వాత మదర్ వైపు తిరిగి, “రాజులు వచ్చేశారు మదర్” అంది.

“ముగ్గురే కదా?” అంది మదర్.

“ఈ సంవత్సరం నలుగురు.”

మదర్ పైకి చూసి సిలువ గుర్తు వేసుకుంది. దాన్ని అనుమతిగా లెక్కవేసుకుని సిస్టర్ మళ్లీ పరిగెత్తింది.

అసలు కష్టం మా నాన్న. ఆ భాగం నేను చూడలేదు. అమ్మ తర్వాత ఎన్నోసార్లు, ఇద్దరి గొంతులతోనూ, నటించి చూపించింది. సిస్టర్ ఒక గొర్రెల కాపరి తలమీది ఎర్ర తలపాగా తీసుకుని, జనం మధ్యలోంచి నేరుగా మా నాన్న ముందుకు వచ్చి నిలబడిందట.

“మీ వేషం వచ్చింది, రండి.”

“నాకు వేషం లేదే” అన్నాడు నాన్న.

“ఉంది. ఇంటి యజమాని. మాటలు లేవు. నాలుగు అడుగులు ఎదురు వెళ్లి చేతులు జోడించాలి, అంతే. అమ్మా, మీరు కూడా. ఈ చెంబు పట్టుకోండి.”

మా నాన్న ఊళ్లో ఎవరి మాటా వినేవాడు కాదు. కానీ టీచర్ వచ్చి ముందు నిలబడితే తెలియకుండానే లేచి నిలబడే తరం ఆయనది. లేచాడు. లేచాక చుట్టూ చూశాడు. ఊరంతా ఆయన్నే చూస్తోంది. ఆమె తలపాగా ఆయన తలకు పెట్టి, ఒక పక్క కాస్త సర్ది, దూరంగా జరిగి చూసి, బాగుందన్నట్టు తల ఊపింది. ఇక కూర్చోవడానికి వీల్లేదు. తలపాగా పెట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి వేదిక మీదున్నవాడికన్నా ఎక్కువగా కనపడతాడు.

తెర లేచింది. పాక, గడ్డి, తొట్టి, దొరికిన బాలయేసు, పక్కన గాడిద. నేను చీకట్లో ఉన్నాను. ముగ్గురు రాజులు వచ్చి తళతళలాడే కాగితాలు చుట్టిన డబ్బాలు పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నారు. అప్పుడు విజిల్ మోగింది.

నాదస్వరం ఎత్తుకున్న ఆ మొదటి స్వరం నా కాళ్లలోంచి ఎక్కింది. వేదిక పలకలు డోలు దెబ్బకు అదురుతున్నాయి. ముందు కాళ్లవాడు వణికాడు, నేను వణికాను, గాడిద మొత్తం వణికింది. జనం లేచి నిలబడ్డారు. కేకలు, చప్పట్లు. మల్లెపూల వాసన, పండిన అరటిగెల వాసన కంబళిలోకి వచ్చేశాయి. నేను కంతకు కన్ను ఆనించాను. అందులో పాదాలు మాత్రమే పడుతున్నాయి. ఒకవైపు నుంచి ఇస్త్రీ పంచె అంచు కింద రెండు పాదాలు నిదానంగా, నిండు బిందె మోస్తున్నట్టే వస్తున్నాయి. ఇంకోవైపు మా నాన్న పాదాలు. వాటి వెనక అమ్మ మెట్టెలు.

మామ పాదాలు ఆగాయి. మేళం ఆగింది. ఇప్పుడు నాన్న పాదాలు కదలాలి.

కదల్లేదు.

నాకు ఊపిరి ఆడలేదు, అందులో కంబళి తప్పు కొంతే. అమ్మ చేతిలో చెంబు నీళ్లు తొణికి పలకల మీద పడటం కనపడింది. అప్పుడు తెర పక్కనుంచి సిస్టర్ గొంతు వచ్చింది. అరవలేదు. వెనక గోడకు ఆనుకున్నవాడికి కూడా వినపడింది.

“మళ్లీ.”

నాన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. నా ప్రాణం పోయింది. కానీ ఆయన వెళ్లిపోవడానికి వేసిన అడుగు కాదది. రిహార్సల్లో మేం చేసినట్టే, మొదటినుంచి మొదలుపెట్టడానికి వేసింది. అక్కడినుంచి ఆగకుండా నడిచాడు. నాలుగు పాదాలూ దగ్గరయ్యాయి. మాటలు లేవని సిస్టర్ చెప్పినా, నాటకం అంటే ఏమిటో తెలియని మా నాన్న సొంతంగా ఒక మాట కలిపాడు.

“రా బావా. ముందు నువ్వే రావాల.”

మామ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది. అమ్మ నీళ్లు ఆయన పాదాల మీద పోసింది. చెంబులో ఉన్నవన్నీ పోసింది. చెంబు ఖాళీ అయ్యాక కూడా కాసేపు వంచే ఉంచింది. పళ్లాలు ఒక్కొక్కటే తొట్టి ముందు దిగాయి. ఇక కంతకు అందనివి అమ్మ తర్వాత చెప్పింది. మామ బాలయేసు ముందు వంగి, మా ఊరి గుళ్లో దణ్ణం పెట్టినట్టే దణ్ణం పెట్టాడు. లేచాడు. చేతిలో దండ అలాగే ఉంది.

“బిడ్డ యాడమ్మా?” అన్నాడు.

దేవదూతను చూశాడు, రాజులను చూశాడు, గొర్రెలను కూడా చూశాడు. అమ్మ గాడిదవైపు చెయ్యి చూపింది. మామ వచ్చి గాడిద తల ముందు నిలబడి దండ ఎత్తాడు. అమ్మ, “అన్నా, ఆడ కాదు. వెనక” అంది.

ఆ పెద్దమనిషి, పొల్లాచ్చి నుంచి మేళం తెచ్చిన మనిషి, ఇస్త్రీ నలగకుండా గాడిద చుట్టూ నడిచి, తోక పక్కకు తప్పించి, కంబళి ఎత్తాడు. వెలుగు ఒక్కసారిగా మీద పడింది. వంగి నన్ను చూశాడు. నేను తలకిందులుగా ఆయన్ని చూశాను.

“ఇంత చీకట్లో ఏమి చేస్తాండావురా సామీ?”

మొదట నవ్వింది అమ్మ. అలాంటి నవ్వు ఆమె దగ్గర ఉందని నాకు తెలియదు. తర్వాత మామ నవ్వాడు, అదే నవ్వు, కొంచెం బొంగురుగా. తర్వాత పందిరి పందిరంతా. మామ నన్ను బయటికి లాగి, దండ మెడలో వేసి, గడ్డిమోపు మీద కూర్చుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. చెవులు కుట్టే వయసు దాటిపోయిన మొద్దును. దండ బరువుకు తల ఎత్తలేకపోయాను. సిస్టర్ చెయ్యి ఊపింది, పాట బృందం క్రిస్మస్ పాట ఎత్తుకుంది, నాదస్వరం ఆయన ఒక చరణం విని రెండో చరణానికి వాళ్లతో కలిశాడు. నా జీవితంలో అంత గొప్ప సంగీతం మళ్లీ వినలేదు. సరిగా ఉందో లేదో మాత్రం చెప్పలేను. ముందు కాళ్లవాడు ఇంత జరిగినా కదల్లేదు. వెనక సగం నేల మీద జారిపోయినా, తల దించకుండా, చెవులు తిప్పుతూ చివరిదాకా గాడిదగానే నిలబడ్డాడు.

కొబ్బరికాయలన్నీ మామ సిస్టర్లకే ఇచ్చి వెళ్లాడు. ఆ తర్వాత చాలా రోజులు హాస్టల్లో కొబ్బరి చట్నీ తప్ప ఇంకేమీ చేయలేదని విన్నాను. సెలవులకు అమ్మ పొల్లాచ్చి పోయింది. మా నాన్న బస్సెక్కించడానికి వచ్చి, తనూ ఎక్కాడు.

సెలవుల తర్వాత మొదటి డ్రామా పీరియడ్‌లో ముందు కాళ్లవాడు నా మీద చాడీ చెప్పాడు. “వీడు నడి నాటకంలో బైటికి వచ్చేసినాడు సిస్టర్.” గాడిద లోపల ఎవరున్నారో చూడాలని జనానికి ఎప్పుడూ ఉంటుంది, అది తప్పేమీ కాదు అంది ఆమె. పీరియడ్ అయ్యాక బెంచీలు సర్దుతూ నేను అడిగాను, మా నాన్నకు తలపాగా ఎందుకు పెట్టారని. నాలాంటి వెనక కాళ్లవాడికి చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్పింది. ‘మీ నాన్నకు ఎదురు వెళ్లాలనే ఉంది. ఆయనగా వెళ్లలేకపోతున్నాడు. ఇంకొకరిగా అయితే వెళ్లగలడు. ఒక్కసారి వెళ్లాక, ఆయనే.’ అని బెంచీ రెండో చివర పట్టుకుంది.

ఇప్పుడు నా వయసుకు లోకమంతా మనవల్లాగే కనిపిస్తుంది. మిల్లులో ఉండగా వేళ కాని వేళ ఆఫీసు వాకిట్లో మనుషులు వచ్చి నిలబడేవాళ్లు, కోపంతోనో, అలకతోనో, చేతుల్లో ఏదో ఒకటి పట్టుకుని. ఇప్పుడు ఇంటి వాకిట్లో నిలబడతారు. ఎందుకు వచ్చారు అనే ప్రశ్న నోటిదాకా వస్తుంది, కొంచెం ఉండండి అనే మాట దాని వెనకే వస్తుంది. రెండూ మింగి, వీళ్లకు ఎవరు ఎదురు రావాలి అని చూస్తాను. చాలాసార్లు అది నేనే అని తేలుతుంది. కాళ్లు కదలనంటాయి. ఇది నాకిచ్చిన వేషం అనుకుంటాను. కదులుతాయి.